కార్యదర్శి నివేదిక, 2025–26: గ్రిల్లు పెట్టాలా, వద్దా

గౌరవ సభ్యులకు నమస్కారం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. పార్కు పక్క కాలువకి పలకలు వేయించాం. నాలుగో లైన్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి, చివరి స్తంభం తప్ప. వినాయక చవితి పందిరి ఖర్చు పోయినేడు కన్నా తగ్గింది, డీజే పెట్టలేదు కాబట్టి. వీధి కుక్కల గురించి పోయినేడు రాసిందే మళ్ళీ చదువుకోవచ్చు. ఈ ఏడాది సంఘం పనిలో ఎక్కువ భాగం కమ్యూనిటీ హాలు వరండా చుట్టూనే తిరిగింది. నివేదికా అంతే.

జూన్ నెల కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం చేశాం: హాలు వరండాకి ఇనప గ్రిల్లు పెట్టించాలి. కారణం, ఎవరో ముసలాయన రాత్రిళ్ళు అక్కడ పడుకుంటున్నాడు, పొద్దున్నే యోగాకి వచ్చే ఆడవాళ్ళు ఇబ్బంది పడుతున్నారు. తీర్మానం రాసింది నేనే. అంచనా 18,500 రూపాయలు, వెల్డరుకి 5,000 అడ్వాన్సు ఇచ్చేశాం. కొలతలు తీసుకోవడానికి అతను వచ్చిన రోజు ముసలాయన లేడు, గోనెసంచి మూట మాత్రం మూలన ఉంది. పక్కకి జరుపుదామని వెల్డరు ఒంటి చేత్తో ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. విప్పితే లోపల ఇత్తడి ఇస్త్రీపెట్టె. చెక్క పిడి నల్లగా అరిగిపోయి, ఒక పక్క వేళ్ళు పట్టే చోట గుంటలు పడి ఉంది.

రెండో లైను మలుపులో వేపచెట్టు కింద ఏళ్ళ తరబడి బండి పెట్టుకుని మన బట్టలు ఇస్త్రీ చేసిన మనిషిది ఆ పెట్టె. గడ్డం పెరిగి సగానికి సగం చిక్కిపోయాడు, పోల్చుకోలేదు. ఆయన మడత పెట్టిచ్చిన చొక్కాలు వేసుకుని ఆఫీసులకి వెళ్ళినవాళ్ళమే కార్యవర్గంలో సగం మందిమి.

సాయంత్రం ఆయన వచ్చాక అడిగితే తాపీగా చెప్పాడు, ఎవరి మీదా కోపం లేనట్టు. పెళ్ళానికి జబ్బు ముదిరి ఆస్పత్రిలో ఇక లాభం లేదని ఇంటికి పంపేశారట. అద్దె గది తాలూకు ఇంటావిడ గుమ్మంలోనే ఆపేసింది. "ఆఖరి గడియ మా ఇంట్లో వొద్దన్నాది బాబూ. ఆల్ల గుంటకి పెళ్ళి కుదిరీసింది, నానేటంటాను?" ఆమెని ఆటోలో మరదలి ఇంటికి తీసుకెళ్ళి వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారు. మూడో రోజు అక్కడే పోయింది. తర్వాత ఆయనకి గది దొరకలేదు. డబ్బు లేక కాదు, అప్పటికింకా బండి నడుస్తూనే ఉంది. "ఒక్కడివే, పెద్దోడివి, రేపేదైనా అయితే మేమేటి సెయ్యాల అని ఎనక్కి పంపీసేవోరు." గది లేకపోతే బండి పెట్టుకునే చోటు లేదు. బండి పోయింది, పెట్టె మిగిలింది.

దీని మీద జులైలో సర్వసభ్య సమావేశం పెడితే ఎంత గొడవైందో వచ్చినవాళ్ళకి తెలుసు. ఇవాళ ఒకణ్ణి ఉండనిస్తే రేపు పదిమంది వస్తారని కోశాధికారి గారు అన్నారు. ఆ భయం పూర్తిగా కొట్టిపారేసేది కాదు, ఆగస్టులో ఇద్దరు వచ్చారు కూడా. ఒకతను తాగి రభస చేసి తనే వెళ్ళిపోయాడు. ఈ విషయం మీద ఇద్దరు సభ్యులు రాజీనామా ఇచ్చారు, వాళ్ళ అభిప్రాయం మినిట్స్ పుస్తకంలో ఉన్నదున్నట్టు రాశాం. చివరికి గ్రిల్లు వాయిదా పడింది. అసలు మన విజయనగరంలో ఇలాంటివాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో చూద్దామన్న ప్రతిపాదన నెగ్గింది.

చూడ్డంలో మా మొదటి ఘనకార్యం చెప్పి తీరాలి. అక్టోబరు మొదటి సోమవారం ప్రపంచ ఆవాస దినోత్సవం. ఈసారి అది 6వ తేదీన, సరిగ్గా పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమానుకి ముందురోజు, తొలేళ్ళ నాడు పడింది. రోజు కలిసొచ్చిందని అరవై దుప్పట్లు కొని, రాత్రి పదకొండు దాటాక కోట చుట్టూ బయల్దేరాం. మర్నాడు సిరిమాను ఉత్సవం. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా అరుగులన్నీ జనమే. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చాపలు పరుచుకుని, చంటిపిల్లల్ని మధ్యలో వేసుకుని పడుకున్నారు. మేం వరసగా దుప్పట్లు కప్పుకుంటూ పోయాం. ఒక పెద్దావిడ దిగ్గున లేచి దుప్పటి మా మీదికే విసిరింది. "ఎవులనుకున్నారేటి మమ్మల్ని? మాకు డాబా ఇల్లుంది, రెండెకరాలుంది! సిరిమాను సూడ్డానికొచ్చినాం!" పక్కవాళ్ళు నవ్వారు. మేమూ నవ్వి, దుప్పట్లు మోసుకుని ఇంటికొచ్చాం.

సిరిమాను అయిపోయింది, పల్లెలు పల్లెలకి వెళ్ళిపోయాయి. ప్రపంచ నిరాశ్రయుల దినం అక్టోబరు 10, శుక్రవారం. ఆ రాత్రి అవే అరుగుల మీదకి మళ్ళీ వెళ్తే, ఇంకా ఉన్నవాళ్ళకి వెళ్ళడానికి ఇల్లు లేదని వేరే అడగాల్సిన పనిలేదు. ఆర్టీసీ కాంప్లెక్సు, రైల్వే స్టేషను బయట, గంటస్తంభం దగ్గర మూసిన కొట్ల ముందు, అయ్యకోనేరు గట్టు. నాలుగు గంటలు తిరిగాం. వాళ్ళలో ముష్టివాళ్ళే ఉంటారనుకున్నాం. ఎక్కువమంది పనివాళ్ళు: హోటల్లో అంట్లు తోమేవాళ్ళు, పెళ్ళిళ్ళలో వడ్డన చేసేవాళ్ళు, కళాసీలు, రిక్షా తొక్కడం మానేశాక ఇంకో పని దొరకని ముసలివాళ్ళు.

దుప్పట్లు ఇక్కడా పెద్దగా చెల్లలేదు. "తీసుకుంటాను గానీ పగలెక్కడ దాసీది?" అని ఒకతను అడిగాడు. మాకు తట్టని ప్రశ్న. పగలు పనికి వెళ్తే మూటకి కాపలా ఎవరు? దుప్పటి కన్నా దోమతెర, దోమతెర కన్నా తాళం, అన్నిటికన్నా రాత్రిపూట తెరిచి ఉండే మరుగుదొడ్డి. ఆడవాళ్ళందరూ చెప్పింది ఈ చివరిదే. అందుకని ఓ సభ్యుడిచ్చిన పాత స్టీలు బీరువా హాలు వెనక గదిలో పెట్టి, అరకో తాళం వేసి, మూటలు పెట్టుకోనిస్తున్నాం. వాచ్‌మన్ దగ్గర నంబరు బిళ్ళ ఉంటుంది. మిగిలిన దుప్పట్లలో ఒకటి మూడో రోజే సారా కింద మారిపోయింది. అది కూడా నివేదికలో ఉండాల్సిందే.

కాంప్లెక్సులో కలిసిన ఒకావిడ సంగతి కొంచెం వివరంగా రాయాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరీ జీడీ కూలిపోయి, కూలి పనులూ పోయాయి. భర్త తర్వాత రెండేళ్ళకి పోయాడు. ఇక్కడ ఒక మెస్సులో గిన్నెలు కడుగుతుంది, రాత్రి కాంప్లెక్సు బల్ల మీద పడుకుంటుంది. నడుం వాలిస్తే సంచి ఎవరైనా లాగుతారని చీర కొంగు చింపి సంచీకీ కాలి చీలమండకీ ముడివేసుకుంటుంది. నెలకి 4,000 వితంతు పింఛను ఉంది, కానీ అది ఊళ్ళో. పింఛను ఇంటి గుమ్మంలోకే తెచ్చిస్తారు, మంచి పద్ధతే. ఈమెకి గుమ్మం లేదు. అందుకని ప్రతి ఒకటో తారీకూ తెల్లవారుజామున బస్సెక్కి, మరిది ఇంటి అరుగు మీద కూర్చుని, వేలిముద్ర వేసి డబ్బు తీసుకుని, సాయంత్రానికి తిరిగొస్తుంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసే స్త్రీశక్తి పథకం వచ్చాక బస్సు ఛార్జీ మిగులుతోంది, మెస్సులో ఆ రోజు కూలి మాత్రం పోతుంది. పింఛను ఇక్కడికి మార్పిద్దామని బయల్దేరాం. వార్డు సచివాలయంలో అడిగింది ఒకటే మాట: ఏ ఇంటి నంబరు మీద? మన సభ్యురాలొకరు తన ఇంటి నంబరిచ్చారు. ఆధార్ చిరునామా మారింది. పింఛను బదిలీ దరఖాస్తు మార్చి 31 నాటికి ఇంకా పెండింగులోనే ఉంది.

అక్టోబరు చివర మొంథా తుపాను. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది గానీ మన దగ్గరా వాన వదల్లేదు. "ఎవరూ ఇళ్ళ నుంచి బయటికి రావద్దు" అని మైకులో ఆటో తిరుగుతుంటే, మా వెంట రాత్రి నడకకి వచ్చిన ఇంటర్ కుర్రాడు "మరి బయటున్నవాళ్ళు?" అన్నాడు. హాలు తలుపులు తీశాం. రెండు రాత్రులు పదకొండు మంది పడుకున్నారు. గ్రిల్లు కావాలని గట్టిగా వాదించిన కోశాధికారి గారి ఇంటి నుంచే ఉప్మా గిన్నె వచ్చింది. ఆయన రాయొద్దన్నారు, రాస్తున్నాను.

డిసెంబరులో మన సభ్యుల్లోని లాయరు గారు ఒక ఆదివారం కూర్చుని చట్టం సంగతులు చెప్పారు. అన్నీ రాయను, పనికొచ్చినవి రాస్తాను. బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ళ కేసు, ఓల్గా టెల్లిస్ కేసు అంటారు, 1985లో తీర్పు వచ్చింది. బతుకుతెరువు కూడా 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది సుప్రీంకోర్టు. అంతమాత్రాన వాళ్ళు అక్కడే ఉండిపోవచ్చని అనలేదు, వానాకాలం వెళ్ళాక తొలగించవచ్చంది. ఈ రెండో సగం చాలామంది చెప్పరు. నివాసం కూడా ఆ హక్కులో భాగమేనని 1996లో ఇంకో తీర్పు చెప్పింది. 2024 నవంబరు 13న ఇచ్చిన తీర్పు ప్రకారం, కట్టడం కూల్చాలంటే 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కానీ రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకి అది వర్తించదు. ఇక పట్టణాల్లో లక్ష జనాభాకి ఒక శాశ్వత ఆశ్రయం, అదీ ఇరవైనాలుగు గంటలూ తెరిచి, మనిషికి 50 చదరపు అడుగుల చొప్పున ఉండాలని 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధన పెట్టింది. 2011 లెక్కల్లోనే మన ఊరి జనాభా 2.28 లక్షలు. ఎన్ని ఉండాలో ఎవరైనా వేళ్ళ మీద లెక్కేయొచ్చు.

పిల్లలకి ఇల్లు రాసిచ్చి వీధిన పడ్డ తల్లిదండ్రుల గురించి ఆ రోజు ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చి, వాళ్ళు చూడకపోతే, 2007 నాటి వృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆ పత్రం రద్దు చేయించుకోవచ్చు. ఆర్డీఓ దగ్గరి ట్రైబ్యునల్‌కి అర్జీ పెట్టాలి. షరతు పత్రంలోనే రాయించుకోమని లాయరు గారు రెండుసార్లు చెప్పారు. ముందు వరసలో ఇద్దరు పెద్దవాళ్ళు కాగితం అడిగి రాసుకున్నారు, ఎందుకని మేం అడగలేదు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567, ఉచిత న్యాయ సహాయం 15100. రెండూ హాలు గోడ మీద రాయించాం.

"గుంకలాంలో ఇళ్ళ స్థలాలిచ్చారు కదా, ఇంకా వీళ్ళెందుకున్నారు?" అని అడిగిన సభ్యులకి ఇక్కడే జవాబు. 2020 డిసెంబరులో ఆ లేఅవుట్‌లో పన్నెండు వేలకి పైగా ప్లాట్లు పంచిన మాట నిజం. కానీ పట్టా రావాలంటే రేషను కార్డు, కార్డుకి చిరునామా కావాలి. పట్టా వచ్చినా ఇల్లు లేపాలంటే అప్పట్లో ప్రభుత్వం ఇచ్చిన 1.80 లక్షలకి పైన చేతిడబ్బు పడుతుంది. కట్టినా, తెల్లారగట్ట నాలుగింటికి మెస్సులో ఉండాల్సిన మనిషి ఊరి బయటి నుంచి ఏ బస్సులో వస్తుంది? తగిన నివాసానికి ఏడు లక్షణాలుండాలని 1991లో ఐక్యరాజ్య సమితి కమిటీ ఒకటి చెప్పింది. ఖాళీ చేయించే భయం లేకపోవడం, భరించగల ఖర్చులతో పాటు పనికి దగ్గరగా ఉండటం కూడా అందులో ఉంది.

ఇప్పుడు మనకి బాగా గుచ్చుకున్న భాగం. మన కాలనీలో సగానికి పైగా ఇళ్ళకి అద్దె పోర్షన్లున్నాయి. ఇస్త్రీ తాతని వెనక్కి పంపిన గుమ్మాల్లో మూడు మన లైన్లలోవే. ధనిష్ఠా పంచకంలో, అంటే చావుకి దోషమనుకునే ఆ ఐదు నక్షత్రాల్లో, ఎవరైనా పోతే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి, అద్దెవాళ్ళ కోసం మేం ఎక్కడికి పోతామని ఒక పెద్దాయన అడిగారు. నమ్మకాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. కానీ అద్దెవాళ్ళ శవాన్ని ఇంట్లోకి రానివ్వక వీధిలో ఆటోలో ఉంచి, అక్కడి నుంచే స్నానం చేయించి తీసుకెళ్ళడం మన కాలనీలో జరిగింది. నా సంగతీ చెప్పుకోవాలి. మూడేళ్ళ క్రితం ఒక టీచరమ్మ మంచం పట్టిన తల్లితో మా మేడ మీది పోర్షన్ అడిగితే, "పెద్దావిడకి మెట్లు కష్టం" అన్నాం. కింద పోర్షను కూడా అప్పుడు ఖాళీగానే ఉంది.

జనవరి సమావేశంలో తీర్మానం ఇలా కుదిరింది: జబ్బు చేసిందని అద్దెవాళ్ళని ఖాళీ చేయమనం, వయసు చూసి గది లేదనం, చావు జరిగితే సొంత ఇంటివాళ్ళకి ఎలాగో వాళ్ళకీ అలాగే వాకిలి ఇస్తాం. తిథీ నక్షత్రం చిక్కులొస్తే శాంతి ఖర్చులో సగం సంఘం పెట్టుకుంటుంది. ఈ చివరి వాక్యం లేకపోతే తీర్మానం నెగ్గేది కాదు. చట్టబలం దీనికేమీ లేదు. సంతకం పెట్టినవాళ్ళు 34 మంది, పెట్టనివాళ్ళు 21 మంది. జాబితా నోటీసు బోర్డులో వేయాలన్న సూచనని కార్యవర్గం ఒప్పుకోలేదు.

జమాఖర్చుల పట్టీ విడిగా జతపరిచాం. ఒక పద్దు గురించి మాత్రం అడుగుతారని ముందే చెబుతున్నాను. గ్రిల్లు అడ్వాన్సు 5,000 వెల్డరు తిరిగివ్వలేదు. బదులుగా బీరువాకి గొళ్ళేలు, వేపచెట్టు కింద రేకు పందిరికి నాలుగు కాళ్ళు వేసిచ్చాడు. ఇస్త్రీ తాత ఫిబ్రవరి నుంచి అక్కడే పని చేస్తున్నాడు.

వచ్చే ఏడాది పని ఒకటుంది. జనగణన. 2011లో ఇల్లు లేనివాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు, దేశం మొత్తం మీద 17.7 లక్షలకి పైగా తేలారు. ఈసారి జనాభా లెక్క 2027 ఫిబ్రవరిలో. ఎన్యూమరేటర్లకి మన నడక నోట్‌బుక్ ఇద్దాం, కావాలంటే దారి చూపించడానికి వెంట వెళ్దాం. తొలేళ్ళ రాత్రి మాత్రం ఎవరికీ దుప్పట్లు కప్పొద్దు.

ఇంకో సంగతి కాస్త తొందరది. తాత ఇప్పుడుంటున్నది మన సభ్యులొకరి ఇంటి వెనక గదిలో. వాళ్ళు అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోతూ ఇల్లు అమ్మకానికి పెట్టారు, దసరాలోగా ఖాళీ చేయాలి. కింద గది కావాలి, పక్కన బొగ్గులు రాజేసుకోవడానికి కాస్త జాగా ఉండాలి. అద్దె ఆయనే కడతాడు. గది ఉన్నవాళ్ళు నాకు చెప్పినా సరే, నేరుగా వేపచెట్టు దగ్గరికి వెళ్ళి ఆయనకి చెప్పినా సరే.

కార్యదర్శి