బాబాయ్ స్కాన్ గురించి నువ్వడిగినదానికి

రేయ్,

నిన్న ఫోన్‌లో నువ్వు బాగా కంగారులో ఉన్నావ్, ఏం చెప్పినా బుర్రకెక్కేలా లేదనిపించి ఎక్కువ మాట్లాడలేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదువు, పిన్నికి కూడా చదివి వినిపించు. మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే ఒక రకం బ్లడ్ క్యాన్సర్ అని తేలాక బాబాయ్‌కి తల నుంచి కాళ్ల దాకా ఎక్స్‌రేలు తీశారు, ఎముకలు బానే ఉన్నాయన్నారు, నడుం నొప్పి మాత్రం తగ్గట్లేదు, అదే కదా నువ్వు చెప్పింది. నేను చెప్పేది ఒక్కటేరా, ఆ ఎక్స్‌రే చూసి ధైర్యం తెచ్చుకోకండి. హోల్ బాడీ లో డోస్ సీటీ, అంటే తక్కువ రేడియేషన్‌తో ఒళ్లంతా తీసే సీటీ స్కాన్ రాయమని హెమటాలజీ (రక్త జబ్బుల) డాక్టర్‌ని అడగండి, ఈ వారమే. నువ్వడిగావు కదా, అమెరికాలో వచ్చిన కొత్త సీటీ మిషన్, దాని సంగతి కూడా చెప్తా, అది నిజంగా గొప్పదే, కానీ దానికోసం ఆగే పనిలేదు.

ఎక్స్‌రే ఎందుకు సరిపోదంటే, ఎముక లోపల కనీసం ముప్పై శాతం అరిగిపోతేగానీ ఆ ఫిల్మ్ మీద మచ్చ కనపడదు. అందులోనూ వెన్నుపూసలు, కటి ఎముక అంటే ముందు పేగులు, గ్యాసు, పక్కటెముకలు అన్నీ ఒకదానిమీద ఒకటి పడిపోతాయి, ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా అందులో చిన్న రంధ్రం పట్టుకోవడం కష్టం. సీటీలో ఆ గోల లేదు, ఒక్కో పొర విడిగా చూడొచ్చు. 2014లో అంతర్జాతీయ మైలోమా వర్కింగ్ గ్రూప్ జబ్బు నిర్ధారణ రూల్స్ మార్చినప్పుడే సీటీలోగానీ పెట్ సీటీలోగానీ (జబ్బు కణాలు ఎక్కడ చురుగ్గా ఉన్నాయో కూడా చూపించే స్కాన్ అది) 5 మిల్లీమీటర్లు, అంతకన్నా పెద్ద రంధ్రం ఒక్కటి కనపడినా ఎముక జబ్బు ఉన్నట్టే లెక్క అని పెట్టారు, 2019లో వాళ్లే మొదటి స్కాన్‌గా ఎక్స్‌రేల బదులు లో డోస్ సీటీ తీయమన్నారు. అయినా ఇప్పటికీ చాలాచోట్ల అలవాటు కొద్దీ ఎక్స్‌రే సిరీసే రాస్తున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తది.

అసలు ఈ జబ్బు ఎముకని ఏం చేస్తదో కూడా తెలుసుకో. మన ఎముకలో పాతది తీసేసే కణాలుంటాయి, కొత్తది కట్టే కణాలుంటాయి, రెండూ సమానంగా పనిచేస్తుంటాయి. మజ్జలో మైలోమా కణాలు పెరిగేకొద్దీ తీసేసేవాటిని రెచ్చగొడతాయి, కట్టేవాటిని పడుకోబెడతాయి. అందుకే రంధ్రాలు పడతాయి కానీ పూడవు. మామూలు బోన్ స్కాన్ కొత్త ఎముక కట్టేచోట వెలుగుతది, ఇక్కడ కట్టడమే లేదు కదా, అందుకే ఈ జబ్బులో దాన్ని నమ్ముకోలేం. ఎవరైనా బోన్ స్కాన్ తీసి ఏమీ లేదంటే అక్కడితో ఆగిపోవద్దు.

ఇక రోజూ మేం సీటీ స్కాన్లు తీసే రూమ్‌లో ఏం జరుగుద్దో చెప్తా, బాబాయ్ భయపడకుండా ఉంటారు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్, అంటే బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు అక్కర్లేదు, మైలోమాలో కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి అది పెద్ద ఊరట. పుర్రె నుంచి మోకాళ్ల దాకా తీస్తాం, చేతులు పొట్ట మీద పెట్టిస్తాం ఎందుకంటే భుజం, మోచేయి ఎముకలు కూడా స్కాన్‌లో పడాలి. టేబుల్ గట్టిగా ఉంటది, నడుం నొప్పి ఉన్నోళ్లకి పడుకోవడమే కష్టం, అందుకని మోకాళ్ల కింద దిండు పెట్టమని అడగమను, మొహమాటపడొద్దు. స్కాన్ జరిగేది నిమిషం అటూ ఇటూనే. తర్వాత కంప్యూటర్‌లో బోన్ విండోలో, అంటే ఎముకలు స్పష్టంగా కనపడే సెట్టింగ్‌లో పెట్టి ఒక్కో వెన్నుపూస జరుపుతూ చూస్తుంటే, తెల్లని సన్నటి అల్లిక మధ్యలో ఉన్నట్టుండి గీతలన్నీ ఆగిపోయిన గుండ్రటి చోటు వస్తది, అంచు చుట్టూ తెల్లగా గట్టిపడ్డం కూడా ఉండదు, అదే రంధ్రం. తొడ ఎముకలో ఇంకోటి చూస్తాం, పెద్దవాళ్లలో లోపలి మజ్జ కొవ్వుతో నల్లగా ఉండాలి, అక్కడ బూడిద రంగు ముద్ద కనపడితే ఎముక గోడ ఇంకా చెక్కుచెదరకపోయినా లోపల మైలోమా చేరిందేమో అని అనుమానించాలి. ఎక్స్‌రేలో ఇది అస్సలు దొరకదు.

ఇప్పుడు నువ్వు అడిగిన మిషన్. దాన్ని ఫోటాన్ కౌంటింగ్ సీటీ అంటారు, సీమెన్స్ వాళ్ల నయోటామ్ ఆల్ఫా అనే మిషన్‌కి 2021 సెప్టెంబర్‌లో అమెరికాలో మందులకీ, వైద్య మిషన్లకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది. మా దగ్గరున్న మిషన్‌లో ఎక్స్‌రే కిరణం దాన్ని పట్టుకునే డిటెక్టర్ మీద పడగానే ముందు వెలుగుగా మారి, ఆ వెలుగు మళ్లీ కరెంటుగా మారుతది, మొత్తం ఎంత వచ్చిందో కలిపి చెప్తది అంతే. కొత్తదాంట్లో కాడ్మియం టెల్యూరైడ్ అనే పదార్థం ఉంటది, ఎక్స్‌రే కణం తగలగానే నేరుగా కరెంటు అయిపోద్ది, ఒక్కో కణాన్ని విడివిడిగా లెక్కపెట్టి దాని శక్తి ఎంతో కూడా రాసుకుంటది. తిరుమల హుండీ మొత్తం తూకం వేసి చెప్పడానికీ, పరకామణిలో కూర్చుని ఒక్కో నాణెం రూపాయా ఐదా పదా అని చూసి లెక్కపెట్టడానికీ ఎంత తేడానో అంత తేడా. దాని వల్ల రెండు లాభాలు, డిటెక్టర్ గళ్లు చిన్నవి కాబట్టి 0.2 మిల్లీమీటర్ల పొర దాకా తీయొచ్చు, బొమ్మని గరగరగా చేసే మిషన్ సొంత ఎలక్ట్రానిక్ నాయిస్‌ని లెక్కలోకి రాకుండా పక్కన పెట్టెయ్యొచ్చు. డోస్ తగ్గిస్తే బొమ్మ గరగరగా అవ్వడమే మాకు పెద్ద తలనొప్పి, భుజాల దగ్గర, కటి దగ్గర మరీను, అక్కడే ఇది పనికొస్తది. మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో మేయో క్లినిక్ వాళ్లు మైలోమా పేషెంట్లకి మామూలు సీటీ, ఇదీ రెండూ తీసి పోల్చారు, నాయిస్ తగ్గించడానికి ఏఐ కూడా వాడారు, రంధ్రాలు కొత్తదాంట్లో మరింత స్పష్టంగా కనపడ్డాయి. నాకైతే అది చదువుతుంటే ఒళ్లు పులకరించింది రా, రోజూ ఆ గరగర బొమ్మలతో కుస్తీ పట్టేవాళ్లకే తెలుస్తది.

కానీ బాబాయ్‌కి ఈరోజు కావాల్సింది ఆయన వెన్నుపూస ఏదైనా కూలిపోయేలా ఉందా, తొడ ఎముక విరిగేలా ఉందా అన్న సంగతి. దానికి మన ఊళ్లలో ఉన్న మామూలు సీటీ, లో డోస్‌లో సరిగ్గా తీస్తే చాలు. రిపోర్ట్‌లో ఏమీ లేదని వచ్చినా డాక్టర్ ఎంఆర్ఐ గానీ పెట్ సీటీ గానీ అడగొచ్చు, మజ్జలో ఉన్న జబ్బుని ఎంఆర్ఐ ఇంకా ముందే పట్టుకుంటది, కాబట్టి మళ్లీ మళ్లీ స్కాన్లేంటని విసుక్కోవద్దు. ఇంకోటి, ట్రీట్‌మెంట్ అయ్యాక సీటీలో రంధ్రాలు అలాగే కనపడొచ్చు, జబ్బు తగ్గినా ఎముక వెంటనే పూడదు, అప్పుడు మందు పనిచెయ్యలేదని ఏడవకండి, జబ్బు లోపల బతికుందో లేదో పెట్ సీటీ చెప్తది.

ఈలోపు బరువులు ఎత్తనివ్వొద్దు, నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకోనివ్వొద్దు, కిడ్నీలకి ప్రమాదం. ఎముకలకి జోలెడ్రోనిక్ యాసిడ్ మొదలుపెడతామంటే ముందు పళ్ల డాక్టర్‌కి చూపించండి, ఆ మందు మొదలయ్యాక పన్ను పీకిస్తే దవడ ఎముక పాడయ్యే ప్రమాదం ఉంది. కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా స్కాన్ అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లు, ఎంఆర్ఐ చెయ్యాలి.

స్కాన్ అయ్యాక రిపోర్ట్ కాగితం ఒక్కటే తెచ్చుకోకు, బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకో, తర్వాత స్కాన్‌తో పోల్చాలంటే అదే కావాలి. ఆదివారం నాకు డ్యూటీ లేదు, ఫోన్ చెయ్, బాబాయ్‌తో కూడా మాట్లాడతా.