వార్షిక నివేదిక 2024–25: మన బండ్లు, మన ఖర్చులు, మన పిల్లలు

సభ్యులందరికీ నమస్కారం.

2024 అక్టోబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా మిన్నెసోటాలోని మన తెలుగువాళ్ల స్నోమొబైల్ సంఘం, అంటే మంచు మీద నడిపే మోటారు బండ్ల సంఘం, ఏమేం చేసిందో చెప్పే నివేదిక ఇది. ట్రిప్పులు, క్లాసులు, లెక్కలు అన్నీ ఉన్నాయి. కానీ ఎక్కువ భాగం ఖర్చు గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఏడాది మనం ఎక్కడ కలిసినా మాట్లాడుకున్నది అదే. మార్చి మీటింగులో మన తొలి సభ్యుల్లో ఒకాయన లేచి, "బండి అమ్మేశానండీ. పిల్లలిద్దరూ ఎదిగారు, ముగ్గురికి మూడు బండ్లు కొనే శక్తి నాకు లేదు. వాళ్లను ఇంట్లో వదిలేసి నేనొక్కణ్ణే తిరగలేను" అన్నారు. ఆ తర్వాత కాసేపు ఎవరికీ మాట రాలేదు. మనలో చాలామందికి స్నోమొబైల్ ఎక్కడం నేర్పింది ఆయనే. నాకూ ఆయనే నేర్పారు.

సీజన్ సంగతి

2022–23లో మన జంట నగరాల్లో, అంటే మినియాపొలిస్, సెయింట్ పాల్‌లో, 90 అంగుళాల మంచు పడింది. డ్రైవ్‌వే తవ్వి తవ్వి నడుములు పడిపోయాయి. ఆ మరుసటి ఏడాది అంతకు పూర్తి విరుద్ధం. మిన్నెసోటాలో రికార్డులు రాయడం మొదలుపెట్టాక అంత వెచ్చని చలికాలం ఇంకొకటి లేదు. చాలా ట్రెయిళ్లు, అంటే ఈ బండ్లు తిరిగే మంచు దారులు, ఆ సీజన్లో తెరవనే లేదు. డులూత్‌లో ఏటా జరిగే బేర్‌గ్రీజ్ కుక్కబండ్ల పందెం కూడా మంచు లేక రద్దయింది. మన బండ్లు కవరు కిందే ఉండిపోయాయి. బ్యాంకు వాయిదా, ఇన్సూరెన్సు మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నాం.

ఈసారి కాస్త నయం. అయినా ఇంటి దగ్గర తిరిగేంత మంచు పడలేదు కాబట్టి రెండుసార్లు దూరం వెళ్లాం.

జనవరిలో రోజో వెళ్లాం. కెనడా సరిహద్దుకు పది మైళ్ల దూరంలో ఉన్న చిన్న ఊరు, స్నోమొబైల్ కంపెనీ పొలారిస్ పుట్టిన ఊరు. అక్కడి మ్యూజియంలో తొలినాటి బండ్ల దగ్గర పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. 1956లో, పొలారిస్ స్థాపకుల్లో ఒకరైన ఎడ్గర్ హెటీన్ వాళ్ల షాపులో, అంటే రైతులకు పనిముట్లు చేసిచ్చే షాపులో, డేవిడ్ జాన్సన్ మొదటి బండి కట్టారు. ఇంజను బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్‌ది. బండిని ముందుకు తోసే ట్రాకు, అంటే కింద తిరిగే పట్టా, ధాన్యాన్ని పైకి ఎత్తే కన్వేయర్‌ది. ముందున్న స్కీలు, అంటే మంచు మీద జారే పట్టీలు, పాత షెవ్రొలే కారు బంపరు కోసి చేసినవి. దాన్ని 465 డాలర్లకు అమ్మారు. ఇవాళ్టి విలువలో చూస్తే ఐదు వేల డాలర్లు దాటుతుంది. మన పదో తరగతి అమ్మాయి ఒకతె ఫోన్లో ఆ లెక్క వేసి, "అంకుల్, ఇప్పుడు ఐదు వేలకి ఏం బండి వస్తుంది?" అని అడిగింది. పాతది వస్తుంది తల్లీ అన్నాను. ట్రెయిల్ మీద నడిపే మామూలు కొత్త బండికే అంతకు చాలా ఎక్కువ పెట్టాలి. టర్బో ఉన్న పై మోడల్ అయితే ఇరవై వేలు దాటిపోతోంది.

తిరుగు ప్రయాణంలో థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఆగాం. పొలారిస్ నుంచి బయటికొచ్చాక ఎడ్గర్ హెటీన్ మొదలుపెట్టిన మరో స్నోమొబైల్ కంపెనీ ఆర్కిటిక్ క్యాట్ ఊరు అది. దాని అప్పటి యజమాని టెక్స్‌ట్రాన్ తయారీని నిలిపి ఉంచుతున్నట్టు 2024 డిసెంబరులో ప్రకటించింది. మేం వెళ్లేసరికి ఆ వార్తకు నెల పైన అయింది. కాఫీ తాగిన చోట పక్క టేబుల్ వాళ్లూ అదే మాట, వెనక టేబుల్ వాళ్లూ అదే మాట. ఏప్రిల్లో కంపెనీ కొత్త యాజమాన్యం చేతికి వెళ్లిందని తెలిసి, ఆ ఊరికి మనకూ ఏ చుట్టరికమూ లేకపోయినా, మనసు తేలికపడింది.

ఫిబ్రవరిలో మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలోని కివీనా వెళ్లాం. లేక్ సుపీరియర్ మీదుగా వీచే చల్లగాలి సరస్సు తేమను మోసుకొచ్చి అక్కడ మంచుగా కుమ్మరిస్తుంది. యు.ఎస్. 41 రోడ్డు పక్కన ఆకాశంలోకి లేచిన కొలబద్ద ఒకటుంది. 1978–79 చలికాలంలో పడ్డ 390.4 అంగుళాలను దాని పైన గుర్తు పెట్టారు. అంటే ముప్పై రెండు అడుగుల పైమాటే. హౌటన్ నుంచి కాపర్ హార్బర్ దాకా ఎవరికీ దెబ్బ తగలకుండా వెళ్లొచ్చాం. మోటెల్, పెట్రోలు, ట్రెయిలర్ అద్దె, మిషిగన్ ట్రెయిల్ పర్మిట్లు అన్నీ కలిపి చూసుకుంటే, రాలేమన్న కుటుంబాలను తప్పుపట్టలేం.

ఖర్చు ఎందుకు ఇంతయింది

ఇది అడిగినవాళ్లు చాలామంది. నాకు అర్థమైనంత చెబుతాను.

1970ల మొదట్లో స్నోమొబైల్ కంపెనీలు వందకు పైనే ఉండేవి. 1971లో ఒక్క ఉత్తర అమెరికాలోనే దాదాపు 4,95,000 బండ్లు అమ్ముడయ్యాయి. ఇప్పుడు పెద్ద కంపెనీలను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. యమహా కూడా 2025 మోడళ్లతో ఈ రంగం వదిలేసింది. ప్రపంచమంతా కలిపినా ఏడాది అమ్మకాలు అప్పటిలో మూడో వంతు లేవు. తక్కువ బండ్లు చేస్తే ఒక్కో బండి మీద భారం ఎక్కువ పడుతుంది. పైగా పొగ నిబంధనలు, ఫ్యూయల్ ఇంజెక్షన్, టచ్ స్క్రీన్, జీపీఎస్. పొగ నిబంధనలు మంచివే. పాత టూ-స్ట్రోక్ బండి వెనకాల గంటసేపు నడిపినవాళ్లు ఎవరూ వాటిని తిట్టరు. కానీ ఈ బండ్లు చెడిపోతే ఇంట్లో పానాలు పట్టుకుని చేయగలిగింది పెద్దగా లేదు.

నా సొంత అనుభవం చెబుతాను. డిసెంబరులో నా బండి దారి మధ్యలో ఆగింది. షాపులో ల్యాప్‌టాప్ తగిలించి చూసి, సెన్సార్ పోయిందన్నారు, మార్చారు, తొమ్మిది వందల డాలర్ల బిల్లు ఇచ్చారు. వారానికే మళ్లీ ఆగింది. చివరికి చూస్తే లూజైన కనెక్టర్. కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

ఇంకో టెన్షన్, బుకింగ్. కొత్త మోడళ్లలో చాలావాటిని వసంతంలోనే అడ్వాన్సు కట్టి బుక్ చేసుకోమంటారు. వచ్చే చలికాలంలో మంచు పడుతుందో పడదో దేవుడికే తెలియాలి. 2023 వసంతంలో, అంత మంచు చూసిన ఊపులో, మనవాళ్లు ఇద్దరు బుక్ చేశారు. ఆ బండ్లు మొదటి ఏడాదంతా మంచు మొహం చూడలేదు.

వీటన్నిటికంటే పెద్ద విషయం నాకు వేరే కనిపిస్తోంది. ఇక్కడి కుటుంబాల్లో బండి ఒకరి నుంచి ఒకరికి దిగుతుంది. తాత కొన్నది తండ్రి నడుపుతాడు, తండ్రిది కొడుక్కి వస్తుంది. గ్యారేజీ మూలన పాత బండి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పిల్లాడు దాని మీదే పడుతూ లేస్తూ నేర్చుకుంటాడు, గీత పడినా ఎవరూ బాధపడరు. మనకు ఆ పాత బండి లేదు. మన తాతలు ఇక్కడ లేరు, వాళ్ల గ్యారేజీలూ లేవు. మనం మొదలుపెట్టడమే కొత్త బండితో, అప్పుతో మొదలుపెట్టాం. అందుకే ధర పెరిగితే ముందు తగిలేది మనకే. ఆ తాత గ్యారేజీ మన సంఘమే కావాలి. ఈ నివేదికలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

మూడో బండి కథ

నిరుడు వేసవిలో సంఘం డబ్బుతో వాడిన బండ్లు మూడు కొన్న సంగతి మీకు తెలుసు. రెండు వెంటనే స్టార్టయ్యాయి. మూడోది 1990ల నాటి టూ-స్ట్రోక్, కార్బురేటర్ బండి. తాడు లాగి లాగి భుజాలు పోయాయి తప్ప కదల్లేదు. దాన్ని విడిభాగాల కింద అమ్మేద్దామని అక్టోబరులో కమిటీ దాదాపు తేల్చేసింది.

అప్పుడే మన సభ్యురాలి నాన్నగారు తెనాలి నుంచి ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు. డెబ్బై రెండేళ్లు. జీవితంలో సగం పొలాల్లో ఆయిల్ ఇంజన్లు, ఊళ్లో చేతక్ స్కూటర్లు బాగుచేశారు. ఊరికే కూర్చోలేక ఒక శనివారం మనతో షెడ్డుకు వచ్చారు. పెట్రోల్ ట్యాంకు మూత తీసి వాసన చూసి, "ఇది టూ-టీ ఆయిలేగా!" అన్నారు. ఆయన మొహంలో వెలుగు మీరు చూసి ఉండాల్సింది. ప్లగ్గు విప్పించి, ఎండబెట్టించి, కార్బురేటర్ కింది గిన్నె ఊడదీశారు. లోపల పెట్రోలు ఎండిపోయి లక్కలా అంటుకుని ఉంది. అప్పటికి పక్కింటి పెద్దాయన కూడా వచ్చి నిలబడ్డారు. ఆయన ఈ బండ్ల మీద పుట్టి పెరిగిన మిన్నెసోటా మనిషి. ఆయన జేబులోంచి క్లీనర్ డబ్బా తీసిచ్చారు. మన తాతగారు పాత కరెంటు వైరు లోంచి వెంట్రుకంత రాగి తీగ ఒకటి లాగి, పెట్రోలు వచ్చే సన్నటి జెట్ రంధ్రాన్ని దీపానికెత్తి చూస్తూ నెమ్మదిగా శుభ్రం చేశారు. ఈయనకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. రెండు గంటలు ఇద్దరూ వేళ్లు చూపించుకుంటూ, తలలు ఊపుకుంటూ పనిచేశారు. పక్కన ఇద్దరు పిల్లలు టార్చి పట్టుకున్నారు.

నాలుగో లాగుకు స్టార్టయింది. షెడ్డంతా నీలం పొగ. తాతగారు మనవరాలి భుజం తట్టి, "నువ్వు లాగు ఈసారి" అన్నారు. ఈ సీజన్లో ఎక్కువగా తిరిగింది మూడో బండే. పిల్లలంతా దాని మీదే నేర్చుకున్నారు. చెడిపోతుందన్న భయం ఎవరికీ లేదు, బాగుచేయడం వాళ్లు కళ్లారా చూశారు కదా.

క్లాసులు, ట్రెయిల్ పనులు

1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్లు మిన్నెసోటాలో పబ్లిక్ స్థలాల్లో బండి నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ తప్పనిసరి. మనలో చాలామంది తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుందని ఇప్పటికీ కొందరికి తెలియదు. ఈసారి ఒక తండ్రీ కూతురూ ఇద్దరూ సర్టిఫికెట్ తీసుకున్నారు. అలా ఇంటిల్లిపాదీ చేస్తే బాగుంటుంది. సరస్సుల విషయంలో నియమం మారలేదు. కొత్తగా కట్టిన గట్టి ఐసు ఐదు నుంచి ఏడు అంగుళాలు ఉందని కొలిచాకే బండిని సరస్సు మీదికి తీసుకెళ్లాలి. చీకటి పడ్డాక సరస్సు మీదికి ఎవరూ వెళ్లకూడదు.

మిన్నెసోటాలో 22 వేల మైళ్ల ట్రెయిళ్లు ఉన్నాయి. వాటిలో చాలా భాగాన్ని చూసుకునేది ఊరూరా ఉన్న క్లబ్బుల వాలంటీర్లు. ఎక్కువ దారి రైతుల సొంత భూముల్లోంచి, వాళ్ల మంచితనం మీద వెళుతుంది. మంచును చదును చేసే యంత్రం కొనాలంటే లక్షల డాలర్లు. ఆ పనిచేసే వాలంటీర్లలో చాలామంది రిటైరైన పెద్దలు. నవంబరులో మనవాళ్లం పద్నాలుగు మంది ఒక స్థానిక క్లబ్బుతో కలిసి రెండు ఆదివారాలు కొమ్మలు కొట్టాం, గుర్తు కర్రలు పాతాం. ఇన్నేళ్లూ వాళ్ల చెమట మీద తిరిగాం. ఈ పనిని ఇకనుంచి ఏటా మానకూడదని నా విన్నపం.

లెక్కలు, ఓటింగు

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు. మూడు బండ్ల ఇన్సూరెన్సు, బెల్టులు, స్పార్క్ ప్లగ్గులు పోను కొంత మిగిలింది. దాంతో ఏం చేయాలన్నదే జూన్ మీటింగులో ఓటుకు వస్తుంది.

ఒక వర్గం కొత్త బండి ఒకటి వాయిదాల మీద కొందామంటోంది. వాళ్ల వాదనలో పస ఉంది. కొత్తదానికి వారంటీ ఉంటుంది, దూర ప్రయాణంలో నమ్మకం ఉంటుంది, చలిలో నడిదారిలో ఆగిపోతే ప్రాణం మీదికొస్తుంది. కమిటీ ప్రతిపాదన వేరు: ఇంకో రెండు వాడిన బండ్లు, పిల్లలకు 120 సీసీ చిన్న బండి ఒకటి, సూట్లు, హెల్మెట్లు, బూట్లు పెట్టడానికి ఉమ్మడి బీరువా. పిల్లల కాళ్లు ఏటా పెరుగుతాయి, ఏటా కొత్త బూట్లు ఎవరు కొనగలరు? బండి వాడుకున్న రోజుకు ఇంత అని కుటుంబం కట్టాలి. కట్టలేనివాళ్లు ట్రెయిల్ పనికో షెడ్డు పనికో వస్తే చాలు. నా ఓటు దీనికే. దూర ప్రయాణాలకు ఎలాగూ రెండు బండ్లకు తక్కువ కాకుండా కలిసే వెళతాం.

మార్చిలో బండి అమ్మేసిన పెద్దాయన ఇంటికి మొన్న కమిటీ తరఫున వెళ్లాం. కొనమని అడగడానికి కాదు, షెడ్డు బాధ్యత తీసుకోమని అడగడానికి. వాళ్ల చిన్నబ్బాయిని కూడా వెంటబెట్టుకొస్తానన్నారు.

చిన్నవైపోయిన బూట్లు, సూట్లు ఉన్నవాళ్లు లోపల టేపు మీద సైజు రాసి మీటింగుకు తీసుకురండి. తెనాలి తాతగారు డిసెంబరులో మళ్లీ వస్తున్నారు. వేసవికి పెట్రోలు పూర్తిగా తీసేసి పెట్టమని, తాను వచ్చేదాకా మూడో బండి కార్బురేటర్ ఎవరూ విప్పవద్దని కబురు పంపారు.

— కార్యదర్శి