ఫైవ్ స్టార్ నేను పెట్టించనురా తమ్ముడూ

మాంచెస్టర్,
ఆదివారం

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ మేమందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందని అమ్మ ఫోన్లో చెప్పింది, మనసు కుదుటపడింది. ఇక్కడ చలి మొదలైంది, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతోంది. నువ్వు అడిగినదానికి వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మా ఆఫీసులో పదిమంది చేత మన చీరల కొట్టుకి గూగుల్లో ఫైవ్ స్టార్ పెట్టించమన్నావు. పెట్టించనురా. నేనూ పెట్టను. కోపం తెచ్చుకోకుండా కారణం విను. మన చీర చేత్తో పట్టుకుని కూడా చూడని మనిషి "సూపర్ క్వాలిటీ" అని రాస్తే అది పచ్చి అబద్ధం. ఈ దేశంలో 2025 ఏప్రిల్ నుంచి దొంగ రివ్యూలు రాయడమే కాదు, రాయించడమూ నిషేధం. తప్పు చేసిన కంపెనీకి మొత్తం టర్నోవర్లో 10 శాతం దాకా జరిమానా వెయ్యొచ్చు. మన దేశంలోనూ 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో, అమ్మేవాడు కొన్నవాడిలా నటించి రివ్యూ రాయకూడదని స్పష్టంగా ఉంది.

చట్టం సంగతి అలా ఉంచు. రోజూ ఇక్కడి కంపెనీల సోషల్ మీడియా పేజీలు చూసుకోవడమే నా పని కాబట్టి చెప్తున్నాను, కొనేవాళ్ళు ఇట్టే పసిగట్టేస్తారు. ఒకే వారంలో పది ఇంగ్లీషు పేర్లతో పది పొగడ్తలు పడితే, నిజంగా కొన్నవాళ్ళు రాసినవి కూడా దొంగవే అనుకుంటారు. గుంటూరు టీచరుగారు ఏం రాశారో గుర్తుందా? "మూడేళ్ళు కట్టాను, అంచు జరీ నల్లబడలేదు" అని. ఎంత డబ్బు పోసినా అలాంటి మాట దొరకదు. మా టీమ్‌లో ఒకావిడ నా చీర చూసి ముచ్చటపడింది, రెండు దుపట్టాలు కావాలంది. అందరికీ అమ్మే ధరకే ఇద్దాం. నచ్చితే ఆవిడే రాస్తుంది. నచ్చకపోతే అదీ రాయనీ.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. మొన్న విజయనగరం నుంచి ఒక మేడం "మొదటి ఉతుకులోనే ఎర్ర అంచు రంగు దిగి చీరంతా అంటింది" అని ఇన్‌స్టాలో ఫొటోతో సహా కామెంట్ పెట్టారు. నేను పొద్దున చూశాను, మధ్యాహ్నానికి లేదు. డిలీట్ చేశావు, పైగా ఆవిడని బ్లాక్ చేశావు. ఆ కామెంట్ మన పేజీలోంచి పోయింది కానీ ఆవిడ ఫోన్లోంచి పోలేదు కదరా. స్క్రీన్‌షాట్ వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపుకీ, అక్కణ్ణుంచి అక్కచెల్లెళ్ళ గ్రూపుకీ వెళ్ళిపోతుంది. ఈసారి "రంగు దిగింది" అన్న మాటతో ఆగదు, "అడిగితే బ్లాక్ చేశారు" అన్నది కూడా తోడవుతుంది. రంగు దిగడం ఎక్కడైనా జరిగేదే, దాన్ని జనం మన్నిస్తారు. బ్లాక్ చేస్తే మాత్రం మన్నించరు.

ఈ రోజే అన్‌బ్లాక్ చేసి ఇలా రాయి: "మేడం, మీ కామెంట్ తీసెయ్యడం మా తప్పు, మన్నించండి. చీర మాకు పంపండి, కొరియర్ ఖర్చు మేమే పెట్టుకుంటాం. ఇంకో చీర కావాలంటే పంపుతాం, డబ్బు వాపసు కావాలంటే అదే చేస్తాం." ఇంకో మాట కలపకు. "మీరే సరిగ్గా ఉతకలేదేమో" అని అస్సలు అనకు. ఇన్‌బాక్స్‌లో రాసినదే మన పేజీలో అందరికీ కనపడేలా కూడా పెట్టు. ఇక మీదట ప్రతి పార్సిల్లోనూ మొదటి ఉతుకు విడిగా అని తెలుగులో అచ్చువేసిన చీటీ ఒకటి పెట్టు.

నీ పోస్టుల్లో నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. చీర చూపిస్తావు, ధర చెప్పవు. కింద ముప్పైమంది "ప్రైస్ ప్లీజ్" అని అడుగుతారు, నువ్వు ముప్పైమందికీ "చెక్ ఇన్‌బాక్స్" అంటావు. అలా అడిగించుకుంటే కామెంట్లు పెరిగి పోస్ట్ ఎక్కువమందికి కనపడుతుందని ఎవరో చెప్పి ఉంటారు. కొంతవరకు నిజమే కావచ్చు. కానీ అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళ లెక్క నీకెప్పటికీ కనపడదు. మనిషిని బట్టి ధర చెప్తారేమోనన్న అనుమానం కూడా వస్తుంది. అమ్మ అయితే ధర రాయని కొట్లో గుమ్మం కూడా ఎక్కదు, నీకు తెలుసు. "ఓపెనింగ్ వీడియో లేకపోతే నో ఎక్స్చేంజ్" అని, అంటే పార్సిల్ విప్పుతూ వీడియో తియ్యకపోతే మార్చివ్వం అన్న మాట, ప్రతి పోస్ట్ మొదట్లోనే ఎర్ర అక్షరాలతో పెడుతున్నావు. మోసం చేసేవాళ్ళు ఉన్నారు, నీ భయం నాకు అర్థమవుతుంది. అయితే ఆర్డర్ పెట్టాక మర్యాదగా చెప్పు. కొనకముందే కొనేవాళ్ళని దొంగల్ని చూసినట్టు చూడకు.

వాట్సాప్ సంగతి. కొట్టుకొచ్చి బిల్లు కోసం నంబరిచ్చిన వాళ్ళందరినీ "కొత్త స్టాక్" గ్రూపులో పడేస్తున్నావట, చిన్నత్త చెప్పింది. వద్దు. గ్రూపులో వేశావంటే ఒకరి నంబర్ ముక్కూ మొహం తెలియని వందలమందికి ఇచ్చినట్టే. ఆడవాళ్ళ నంబర్లు అలా బయటపడితే ఏం జరుగుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఆ గ్రూపు తీసేసి, ఛానల్ పెట్టి, లింక్ పంపు. చేరాలనుకున్నవాళ్ళు చేరతారు, ఒకరి నంబర్ ఒకరికి కనపడదు. వాళ్ళలో సగం మందే మిగిలినా వాళ్ళే నీ అసలు కొనుగోలుదారులు.

నా ఉద్యోగంలోనూ రోజూ ఈ పోరాటమే. వచ్చినవాళ్ళంతా "వైరల్ చెయ్యండి" అంటారు. ఫాలోవర్లు ఎంతమంది పెరిగారని అడుగుతారు కానీ, అడిగిన ప్రశ్నకి ఎంతసేపట్లో జవాబిచ్చామని ఒక్కరూ అడగరు. 2022 సెప్టెంబర్ 8న ఇక్కడి రాణి పోయినప్పుడు, ముందే టైమ్ పెట్టి ఉంచిన పోస్టులన్నీ మేం ఒక్కొక్కటీ వెతికి ఆపాం. ఆ సాయంత్రం ఎవరి పేజీలోనైనా "వీకెండ్ సేల్" అని పడితే జనం ఊరుకునేవాళ్ళు కాదు. 2024లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్ళలో ఉన్నప్పుడు, మనుషులు మేడల మీద తాగునీటి కోసం చూస్తుంటే, వినాయక చవితి ఆఫర్ల పోస్టులు నా ఫోన్లో వరసగా పడ్డాయి. ఇంత దూరంలో ఉన్నా కడుపు రగిలిపోయింది. నువ్వు టైమ్ పెట్టి వదిలేసే పోస్టులు ప్రతి ఉదయం ఒకసారి చూసుకో. ఊరు కష్టంలో ఉంటే కొట్టు నోరు మూసుకోవాలి.

ఆ రీల్స్ అమ్మాయికి ఉచితంగా చీర ఇస్తున్నావు కదా, ఇవ్వు. కానీ వీడియోలో అది ప్రకటన అని రాయమని ముందే చెప్పు. ఉచితంగా ఇచ్చిన వస్తువు కూడా ప్రతిఫలమే అని మన దేశపు 2021 ప్రకటనల మార్గదర్శకాల్లోనూ ఉంది.

పవర్‌లూమ్ చీరలమ్మే అతను మన ఫొటోలు ఎత్తుకుని "మంగళగిరి హ్యాండ్లూమ్" అని పెట్టుకున్నాడని మండిపడుతున్నావు. నాకూ మంటగానే ఉంది. కానీ వాడి పేజీకి వెళ్ళి బూతులు తిడితే చూసేవాళ్ళకి ఇద్దరూ ఒకటే. అసలు ఫొటోలు, తీసిన తేదీలు జతచేసి ఇన్‌స్టాలో కాపీరైట్ ఫిర్యాదు పెట్టు. ఈలోగా నాన్నగారు గుంట మగ్గం మీద కూర్చుని నిజాం అంచు నేస్తుంటే కిటికీ వెలుతురులో వీడియో తియ్యి. ఫిల్టర్ వెయ్యకు, పోయినసారి వంకాయ రంగు చీర గులాబీ రంగులో కనపడింది. సినిమా పాట కలపకు, మగ్గం చప్పుడే ఉండనీ. అసలైన చేనేత అని తెలిపే హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ దగ్గరగా చూపించు. చీర తిరగేసి లోపలి వైపు కూడా చూపించు. వాడు మన ఫొటోలు ఎత్తుకోగలడు గానీ ఇది చెయ్యలేడు.

ముందు విజయనగరం మేడం సంగతి చూడు, ఆవిడ ఏమన్నారో నాకు రాయి. ధరలు ఈ వారంలో పెట్టెయ్యి, గ్రూపు సంగతి తర్వాత. నాన్నగారిని డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళడం మర్చిపోకు. అమ్మానాన్నలకి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ అక్క