మాత్రల కవరు మీద మందు పేరు రాయించండి

సంపాదకులకు,

వానాకాలం జ్వరాలు మొదలైతే మెడికల్ షాపుల ముందు జనం క్యూ కడతారు. జ్వరం, ఒళ్లు నొప్పులు, జలుబు అని చెబితే చాలు, మూడు రకాల మాత్రలు స్ట్రిప్పుల్లోంచి కత్తిరించి కాగితం కవర్లో వేసి ఇస్తారు. విడివిడిగా చూస్తే ప్రతి మాత్రా సరైన మోతాదే. కలిపి వేసుకున్నప్పుడే చిక్కు.

లెక్క వేసి చూడండి. జ్వరానికి 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ రోజుకు నాలుగుసార్లు అంటే 2,600. ఒళ్లు నొప్పులకిచ్చే ఎసిక్లోఫెనాక్ మాత్రల్లో చాలావాటిలో 325 పారాసెటమాల్ కలిసే వస్తుంది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే 650. జలుబు మాత్రలో ఇంకో 500 ఉంటే మూడు పూటలకు 1,500. మొత్తం 4,750. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు 4,000 దాటకూడదు. 50 కిలోల లోపు బరువున్నవారికి, రోజూ మద్యం తాగేవారికి ఆ హద్దు ఇంకా తక్కువ. పారాసెటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ పస్తులున్న ఒంట్లో తరిగిపోతుంది. జ్వరానికి లంఖణం మంచిదని కడుపు మాడ్చుకుంటూ ఈ మాత్రలు మింగడం అందుకే ప్రమాదం. మోతాదు మించిందని తెలిస్తే లక్షణాలు కనబడేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది.

నిమెసులైడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల సంగతి వేరు. చెప్పిన మోతాదులోనే వాడినా అరుదుగా కొందరి కాలేయానికి పడవు. ఎవరికి పడదో ముందే చెప్పే పరీక్ష వాడుకలో లేదు. కాలేయం దెబ్బతింటున్న కేసుల వల్లే నిమెసులైడ్‌ను ఫిన్లాండ్, స్పెయిన్ 2002లో, ఐర్లాండ్ 2007లో ఆపేశాయి. మన దేశంలో 2011 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు నిషేధం. ఇంట్లో పెద్దవాళ్ల కోసం తెచ్చిన మాత్రను విరిచి పిల్లలకు సగం వేయడం ఇప్పటికైనా మానాలి. మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి డైక్లోఫెనాక్ వాడేవారు మొదలుపెట్టిన 4 నుంచి 8 వారాల్లో కాలేయం దెబ్బతింటోందేమో చెప్పే ఎస్‌జీపీటీ రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఆకలి చచ్చిపోవడం, వికారం, కుడి డొక్కలో బరువు, మూత్రం ముదురు రంగులో రావడం, దురద. వీటిలో ఏది కనబడినా నొప్పి మాత్ర వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి. కళ్లు పచ్చబడ్డాక చాలామంది పసరు మందుకు పరుగెత్తుతున్నారు. పసరు తాగుతూ, పథ్యం చేస్తూ, అసలు కారణమైన మాత్రను మాత్రం ఆపరు. ఎస్‌జీపీటీ మామూలు కంటే మూడు రెట్లు, రక్తంలో కామెర్ల పసుపు పదార్థమైన బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి.

డాక్టరు "ఏం మాత్రలు వాడారు?" అంటే రోగి చూపించేది పేరు లేని వెండి రేకు ముక్క. పేరున్న భాగం షాపులోనే మిగిలిపోతోంది. రెండే మాత్రలు ఇచ్చినా సరే, కవరు మీద మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని అన్నది తెలుగులో రాసి ఇచ్చేలా రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశాలివ్వాలి. డైక్లోఫెనాక్, నిమెసులైడ్ మాత్రలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది. తనిఖీలకు వచ్చినప్పుడు దాన్నీ చూడాలి.

— కొందరు ఫార్మసిస్టులు, వరంగల్