విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ: మా బడికి పిల్లల బాగోగులు చూసే ఒక కౌన్సెలర్‌ని ఇవ్వండి

అయ్యా, నమస్కారం.

మా ఊరి హైస్కూల్ పేరెంట్స్ తరఫున మీ ఆఫీసుకి రెండుసార్లు అర్జీ ఇచ్చాం, జవాబు రాలేదు, అందుకే నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నా.

పోయినేడు ఎనిమిదో క్లాసులో ఒక అబ్బాయిని అందరూ మొద్దు అనుకున్నారు, నేనూ అనుకున్నా, తీరా చూస్తే వాడికి బోర్డు మీద అక్షరాలే కనపడట్లేదండి, కళ్లద్దాలు వచ్చాక లెక్కలు వాడే చేసేస్తున్నాడు. అదే క్లాసు అమ్మాయి మిరపకాయ కోతలకి వాళ్లమ్మతో వెళ్లి మళ్లీ బడికి రాలేదు. ఎందుకు రాలేదని ఇంటికెళ్లి అడిగే మనిషి లేరు. టీచర్లని తప్పు పట్టట్లేదు, వాళ్ల పనే వాళ్లకి తలకి మించి ఉంది.

అమెరికాలోని బోస్టన్‌లో 2001 నుంచి సిటీ కనెక్ట్స్ అని ఒక ప్రోగ్రామ్ నడుస్తోంది, పేద పిల్లలు చదివే బడుల్లో ఒక కోఆర్డినేటర్ టీచర్‌తో కూర్చుని ఒక్కో పిల్లాడి చదువు, ఆరోగ్యం, ఇంటి పరిస్థితి విడిగా చూసి ఎవరికేం కావాలో అది ఇప్పిస్తారు. ప్రైమరీలో ఆ సాయం అందినవాళ్లలో హైస్కూల్ మధ్యలో మానేసేవాళ్లు దాదాపు సగానికి తగ్గారని 2018లో వచ్చిన స్టడీలో తేలింది. సాయం ఆగిన ఏళ్ల తర్వాత కూడా ఫలితం నిలిచిందండి! మన 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 24 కూడా ప్రతి పిల్లవాడి స్థాయి చూసి అవసరమైతే అదనంగా నేర్పాలనే చెప్తోంది.

మేం అడిగేది ఒక్కటే. జూన్‌లో బడి తెరిచేలోపు పూర్తిగా ఈ పనే చూసే ఒక కౌన్సెలర్‌ని వేయండి, ఇస్తారో లేదో రాతపూర్వకంగా చెప్పండి. ఆ అమ్మాయి ఇంటికి మొదటిరోజు నేనే దారి చూపిస్తా.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి