ఇంటివాళ్ల ఉత్తరాల మాటేమిటి?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికా అంతర్యుద్ధం (1861-65) నాటి సైనికుల ఉత్తరాల మీద పూర్తి పేజీ వ్యాసం వేశారు. అందులో ముప్పాతిక భాగం ఉత్తరాది (కేంద్ర ప్రభుత్వ) సైన్యంలో మేజర్ అయిన సలివన్ బలూ భార్యకు రాసిన ఒక్క ఉత్తరానికే పోయింది. పైగా అది అందుకున్న భార్య సారా ఏడుస్తూ జవాబు రాసిందట! ఆ జవాబు చదవడానికి ఆయన బతికి లేడండీ. 1861 జులై 14న రాసిన ఆ ఉత్తరాన్ని ఆయన అసలు పోస్టు చేయనే లేదు. సరిగ్గా వారానికి బుల్ రన్ యుద్ధంలో కాలు పోయి, ఆ గాయంతోనే చనిపోయాడు. ఉత్తరం ఆయన సామాన్ల పెట్టెలో దొరికింది. ఎవరైనా ఒక్కసారి సరిచూసి ఉంటే తెలిసిపోయే సంగతి ఇది. డెస్కులో ఆ మాత్రం ఓపిక కూడా లేకపోతే ఎలా?

నా అసలు బాధ వేరు. మీ వ్యాసంలో ఇంటి వైపు మనిషే లేదు. సైనికులకు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు మిగల్లేదు. మోసుకు తిరగలేక కొందరు, శత్రువు చేతిలో పడతాయని కొందరు యుద్ధానికి ముందు తగలబెట్టేసేవారు. అలాంటప్పుడు మిగిలిన కొన్నింటినైనా వెతికి చూపించాలి కదా. పంట ఎలా ఉంది, అప్పు ఇచ్చినవాడు ఏమంటున్నాడు, జీతం ఎప్పుడు పంపుతావు, ఇవే వాటి నిండా. దేశం నుంచి విడిపోతామన్న దక్షిణాది రాష్ట్రాల్లో కాగితం దొరక్క వాల్‌పేపర్ వెనక రాశారు, వచ్చిన కవరునే తిరగేసి అంటించి మళ్లీ వాడారు. పేజీ నిండితే దాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదే మళ్లీ రాసేవారు. పిల్లలు పస్తులుంటున్నారని రాయొద్దు, ధైర్యం చెబుతూ రాయండి అని అక్కడి పత్రికలు ఆడవాళ్లకు నీతులు చెప్పాయి. ఆ ఉత్తరాలు చదివిన సైనికులు దళం వదిలి ఇంటికి పారిపోతారని వాళ్ల భయం. పారిపోయారు కూడా.

ఉత్తరాది సైన్యంలో దాదాపు 1,80,000 మంది నల్లజాతివాళ్లు పోరాడారు. వాళ్ల గురించి మీ పేజీలో ఒక్క వాక్యం లేదు. మిస్సోరిలో బానిసగా ఉండి సైన్యంలో చేరిన స్పాట్స్‌వుడ్ రైస్, 1864 సెప్టెంబరులో ఆసుపత్రి మంచం మీద నుంచి, ఇంకా బానిసత్వంలోనే ఉన్న కూతుళ్లకు ఉత్తరం రాశాడు. నా ప్రాణం పోయినా సరే మిమ్మల్ని తెచ్చుకుంటానని. ఒక కూతురి యజమానురాలికి విడిగా ఇంకో ఉత్తరం రాసి గట్టిగా హెచ్చరించాడు. ఆవిడ తమ్ముడో అన్నో ఆ ఊరి పోస్ట్‌మాస్టర్. అతను రెండు ఉత్తరాలనూ సైనికాధికారికి పంపి, ఈ మనిషిని రాష్ట్రం నుంచి వెళ్లగొట్టండని అర్జీ పెట్టుకున్నాడు. ఉత్తరాలు చేరవేయాల్సిన ఉద్యోగి చేసిన పని అది!

అధికారులు ఎక్కడైనా అంతే. అమెరికా ప్రభుత్వం 1862లో చేసిన చట్టం ప్రకారం చనిపోయిన ఉత్తరాది సిపాయి భార్యకో, అతని మీద ఆధారపడ్డ తల్లికో నెలకు 8 డాలర్ల పెన్షన్. కొడుకే తనను పోషించాడని తల్లి రుజువు చూపించాలి. ఆ ముసలివాళ్ల దగ్గర ఏం రుజువులుంటాయి? డబ్బు పంపుతున్నానని కొడుకు రాసిన ఉత్తరాలే. కొడుకు గుర్తుగా మిగిలిన ఆ కాగితాలనే ఆఫీసుకు ఇచ్చేయాల్సి వచ్చింది. అవి ఈనాటికీ వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్లలో ఉన్నాయి. ఒక్క ఫైలు తిరగేసినా ఆదివారం పేజీకి సరిపడా సరుకు దొరికేది.

ఈమధ్య పత్రికల్లో చరిత్ర అంటే ఒక ప్రేమకథ, ఒక పెద్ద ఫోటో, అంతే అయిపోయింది. రాసేవాళ్లు ఒకరిని చూసి ఒకరు అదే కథ ఎత్తుకుంటున్నారు. డబ్బిచ్చి పత్రిక కొనే పాఠకులకు ఇంతకన్నా మంచిది ఇవ్వాలి.

సారా జవాబు గురించిన తప్పుకు దయచేసి అదే అనుబంధంలో, కనబడే చోట సవరణ వేయండి. దాంతోపాటు రైస్ తన కూతుళ్లకు రాసిన ఉత్తరాన్ని పూర్తిగా అనువదించి ప్రచురించండి. పెద్దదేమీ కాదు, అర కాలమ్ చాలు.

- ఒక పాఠకురాలు