టికెట్ ధర వేసే ముందు

చి. సింధుకి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రణాళిక చదివాను. సొంత నాటక సంస్థ, వారానికి నాలుగు ప్రదర్శనలు, నాలుగు నాటకాలు మార్చి మార్చి వేయడం, టికెట్ యాభై రూపాయలు. నాకు బాగా నచ్చింది. నచ్చింది కాబట్టే ఎవా లె గాలియెన్ గురించి వివరంగా రాస్తున్నాను. నువ్వు తలపెట్టిన పనే ఆవిడ వందేళ్ల కిందట న్యూయార్క్‌లో చేసింది. ఆవిడ నటన గురించి నీకు కళాశాలలో చెప్పే ఉంటారు. లెక్కల గురించీ, సెట్లు మార్చడం గురించీ ఎవరూ చెప్పరు.

పుట్టింది 1899లో, లండన్‌లో. తండ్రి కవి, తల్లి డెన్మార్క్‌కు చెందిన పాత్రికేయురాలు. చిన్నతనం ఎక్కువగా ప్యారిస్‌లో గడిచింది. అక్కడ ప్రసిద్ధ ఫ్రెంచ్ నటి సారా బెర్న్‌హార్ట్‌ను రంగస్థలం మీద చూసింది. 1915లో తల్లితో న్యూయార్క్ చేరింది. 1921లో ‘లిలియమ్’, 1923లో ‘ద స్వాన్’, ఈ రెండు నాటకాలూ ఆమెను బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్ వ్యాపార నాటకశాలల పేటలో, పెద్ద తారను చేశాయి. అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. అక్కడి పద్ధతేమిటంటే ఒకే నాటకాన్ని జనం వచ్చినన్నాళ్లు రోజూ ఆడించడం, ఆగిపోగానే సెట్టు పారేసి నటుల్ని పంపేయడం. ఏడాదిపాటు అవే మాటలు చెప్పిన నటి ఏం నేర్చుకుంటుంది? యూరప్‌లో లాగా స్థిరమైన బృందం, మారే నాటకాలు, సామాన్యుడు కొనగలిగే టికెట్ కావాలనుకుంది ఆవిడ.

ఒక్కసారిగా హాలు తీసుకోలేదు, ఇది నువ్వు గమనించాలి. 1925-26లో నార్వే నాటకకర్త ఇబ్సెన్ ‘మాస్టర్ బిల్డర్’, ‘జాన్ గాబ్రియెల్ బోర్క్‌మన్’ నాటకాలను ముందు ప్రత్యేక మ్యాట్నీలుగా, అంటే మధ్యాహ్నం ఆటలుగా, మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఆటతో రెండు సంగతులు తేలిపోతాయి. ఇలాంటి నాటకానికి జనం డబ్బిచ్చి వస్తారా లేదా, ఈ నటులు కలిసి పని చేయగలరా లేదా. నువ్వూ మొదటి ఆరు నెలలు సొంత హాలు మాట ఎత్తకు. ఆదివారం పొద్దుటి పూట ఖాళీగా ఉండే హాలు ఏదో చూసుకో.

1926లో పద్నాలుగో వీధిలోని పాత థియేటర్ తీసుకుని సివిక్ రెపర్టరీ థియేటర్ పెట్టింది. రెపర్టరీ అంటే ఒకే బృందం నాటకాలు మార్చి మార్చి వేయడం. బ్రాడ్‌వేకి దూరంగా ఉన్న పాతకాలం కట్టడం, సుమారు 1,100 సీట్లు. అక్టోబరులో ప్రారంభం. మొదటి రాత్రి స్పెయిన్ రచయిత బెనవెంతె నాటకం, మర్నాడే రష్యా రచయిత చెహోవ్ ‘త్రీ సిస్టర్స్’. మొదటిది అంతగా ఎక్కలేదు, రెండోది సంస్థకు పేరు తెచ్చింది. ఒక్క నాటకంతో తెరిచి ఉంటే ఆ వారమే పత్రికలు తీర్పు చెప్పేసేవి. నీ ప్రారంభోత్సవానికి కూడా రెండు నాటకాలు పూర్తిగా సిద్ధంగా ఉండాలి, ఒకటిన్నర కాదు.

ఇక డబ్బు. అత్యధిక టికెట్ ధర డాలరున్నర, అత్యల్పం 50 సెంట్లు. బ్రాడ్‌వే ధరతో పోలిస్తే సగం కూడా లేదు. లెక్క నువ్వే వేసి చూడు. సీటుకి సగటున ఒక డాలరు అనుకుంటే, హాలు కిక్కిరిసినా రాత్రికి 1,100 డాలర్లు. వారానికి ఎనిమిది ఆటలైతే 8,800. అందులోంచి నటుల జీతాలు, రంగస్థల కార్మికుల కూలి, పాత భవనం మరమ్మతులు, కొత్త నాటకానికి సెట్టు, దుస్తులు. హాలు రోజూ నిండదు కదా. లోటు ఏటా ఉండేది, దాన్ని ఓటో కాన్, మేరీ కర్టిస్ బోక్ లాంటి ధనికుల విరాళాలు పూడ్చేవి. టికెట్ చవకగా పెట్టడం తప్పని నేననను, నాకది ఆ సంస్థలో అన్నిటికన్నా గొప్ప విషయం. కానీ ఆ తేడా ఎవరు కడుతున్నారో, ఎన్నేళ్లు కడతారో కాగితం మీద ఉండాలి. నీ ప్రణాళికలో యాభై రూపాయలుంది, ఆ గడి ఖాళీగా ఉంది.

నాటకాలు మార్చి వేయడంలో ఖర్చు ఎక్కడ దాగుంటుందో విను. రాత్రి ఆట అయ్యాక సెట్టు విప్పాలి, పొద్దున్న మరోటి నిలబెట్టాలి, లైట్లు తిప్పాలి, మధ్యాహ్నం ఒకసారి క్యూలు, అంటే లైటు, శబ్దం ఎప్పుడు మారాలో చెప్పే సంకేతాలు, చూసుకోవాలి. ఒకే నాటకం ఆడేవాళ్లకు ఈ పని ఒక్కసారే, నీకు వారానికి మూడు నాలుగు సార్లు. అందుకని నాలుగు నాటకాలకూ కలిసొచ్చేలా ముందే రూపకల్పన చేయాలి. ఫ్లాట్లన్నీ, అంటే గోడల్లా నిలబెట్టే సెట్టు పలకలన్నీ, ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. తలుపు, కిటికీ ఉన్న ఫ్లాట్లు ఏ నాటకంలోనైనా ఇమిడేలా ఉండాలి. మెట్లు, దిమ్మెలు ఉమ్మడి. లైట్లలో ఎక్కువ భాగం కట్టినచోటే ఉండాలి, ఒక్కో నాటకానికి నాలుగైదు మాత్రమే కొత్తగా తిప్పాలి. వాటి గురి ఎక్కడో వేదిక మీద రంగు టేపుతో గుర్తు పెట్టు, నాటకానికో రంగు. సామాన్లకు నాటకానికో ట్రంకు పెట్టె, మూత లోపల జాబితా. ఆట కాగానే లెక్క చూసి తాళం వేయాలి. ఒక నాటకంలోని ఉత్తరం ఇంకో నాటకం సొరుగులో దొరికితే ఆ రాత్రి నటి చేతిలో ఏమీ ఉండదు.

ఇంకొకటి, మరుపు. పది రోజులు వేయని నాటకం తిరిగి వేసే రోజు మాటలు గుర్తుంటాయి, ఎటు నడవాలో గుర్తుండదు. ఒకే నటి రెండు నాటకాల్లో ఒకే రకం ప్రవేశం చేస్తే పొరపాటు తప్పదు. దానికి మందు ఆ మధ్యాహ్నం గంటన్నర గబగబా మాటలు, కదలికలు చెప్పుకోవడం. నీ సమయ పట్టికలో దానికి చోటే లేదు. పెట్టు.

మన సురభి వాళ్లు రోజుకో నాటకం ఎలా వేయగలిగారని నువ్వడగవచ్చు. 1885లో కడప జిల్లాలో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన ఆ బృందంలో నటులూ, తెరలు లాగేవాళ్లూ, వాయిద్యగాళ్లూ అందరూ ఒకే కుటుంబం. సెట్టు చాలా మటుకు రంగులు వేసిన తెరలే, చుట్టి పైకి లాగితే దృశ్యం మారిపోతుంది. కూలి లెక్క వేరు, సెట్టు లెక్క వేరు. నీకు అలాంటి కుటుంబ బృందం లేదు, కానీ తెరలు ఉండొచ్చు. నాలుగిట్లో రెండు నాటకాలైనా తెరల మీద నడిచేవి ఎంచుకుంటే నీ కూలి ఖర్చు కళ్లెదుటే తగ్గుతుంది.

లె గాలియెన్ చేసిన పనుల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఆమె పెట్టిన ఉచిత శిక్షణ. ఎంపికైన కుర్రాళ్లు ఫీజు కట్టరు, చూసి నేర్చుకుంటారు, గుంపు దృశ్యాల్లో వేషం కడతారు. సంస్థకు మనుషులు దొరుకుతారు, వాళ్లకు విద్య దొరుకుతుంది. తర్వాత పేరున్న నటుడైన బర్జెస్ మెరిడిత్ అలా వచ్చినవాడే. అలాగే 1928లో చెహోవ్ ‘చెర్రీ ఆర్చర్డ్’ వేసినప్పుడు ప్రధానమైన రానెవ్‌స్కాయా పాత్ర నటి అల్లా నజిమోవాకు ఇచ్చి, తను చిన్నదైన వార్యా పాత్రలో నిలబడింది. సంస్థ యజమాని పెద్ద వేషం వదులుకోగలగాలి. అదే ఏడు ‘పీటర్ పాన్’గా తీగల మీద ప్రేక్షకుల తలల పైనుంచి ఎగిరింది కూడా!

కానీ నటన, దర్శకత్వం, నాటకాల ఎంపిక, విరాళాల కోసం తిరగడం, అన్నీ ఆ ఒక్క మనిషే. 1931-32 సీజన్‌కు ఆమె సెలవు తీసుకుంటే సంస్థకే సెలవైంది. 1931 జూన్‌లో ఇంట్లో గ్యాస్ పేలి చేతులు దారుణంగా కాలాయి. ఆ చేతులతోనే మర్నాటి ఏడు తిరిగి వచ్చింది. ఈలోగా ఆర్థిక మాంద్యం విరాళాలను ఎండగట్టింది. 1932 డిసెంబరులో వేసిన ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ బాగా ఆడింది. డబ్బు కోసం దాన్ని 1933 జనవరిలో బ్రాడ్‌వేకి తరలించారు. అంటే ఏ పద్ధతిని వద్దనుకుని సంస్థ పెట్టిందో ఆ పద్ధతిలోకే వెళ్లాల్సి వచ్చింది. పద్నాలుగో వీధి సంస్థ మళ్లీ నిలబడలేదు. ముప్పైకి పైగా నాటకాలు వేసిన బృందం అది.

1946లో దర్శకురాలు మార్గరెట్ వెబ్‌స్టర్, నిర్మాత షెరిల్ క్రాఫర్డ్‌లతో కలిసి అమెరికన్ రెపర్టరీ థియేటర్ పెట్టింది. ఈసారి బాధ్యత ముగ్గురిది, అది మంచి మార్పే. ఖర్చులు మాత్రం మరీ పెరిగాయి, ఎక్కువ కాలం నడవలేదు. ఆవిడ మాత్రం 1970లలో కూడా బ్రాడ్‌వేలో వేషం వేసింది, 1991లో తొంభై రెండేళ్ల వయసులో పోయింది.

కాబట్టి నీ కాగితంలో మూడు మార్చి పంపు. టికెట్‌కీ అసలు ఖర్చుకీ మధ్య తేడా కట్టేవాళ్ల పేర్లు, కనీసం రెండేళ్లకు. నువ్వు నెల రోజులు మంచాన పడితే నడిపే మనిషి పేరు, ఆ మనిషికి ఇచ్చే జీతం. మధ్యాహ్నం రిహార్సళ్లు కలిపిన వారం పట్టిక. హాలు వాళ్లు అద్దె గంటల లెక్కన తీసుకుంటారా, రోజు లెక్కనా అన్నది కూడా అడిగి రాయి. సెట్టు రాత్రికి రాత్రి అక్కడే వదిలేయనిస్తారో లేదో దాన్నిబట్టే తేలుతుంది.

అమ్మ